నల్గొండ నుంచి రెండు రోజుల్లో నల్లమల, కృష్ణా బ్యాక్‌వాటర్: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నల్గొండ నుంచి కారులో ఆరుగురు బయలుదేరుతున్నారు. అందులో అరవై దాటిన అమ్మానాన్నలు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు ఉన్నారు. చేతిలో ఉన్నవి రెండు రోజులు. నల్లమల అడవి, శ్రీశైలం జలాశయం ఒడ్డు ఊళ్లు, వ్యూ పాయింట్లు, కొంచెం నడక, పడవ, కుదిరితే ఒక రాత్రి టెంటు కావాలి. డిసెంబరులో వెళ్లాలా, వేసవి సెలవుల్లో వెళ్లాలా అన్నది మీ అసలు సందేహం. చూడాల్సిన వాటిలో సోమశిల, ఫరహాబాద్, మల్లెల తీర్థం, ఆక్టోపస్ వ్యూ పాయింట్, అక్కమహాదేవి గుహలు అన్నీ రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. డిసెంబరులో వెళ్లండి. శ్రీశైలం రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట ఉన్న మన్ననూరులో బస చేయండి. సోమశిలను ఈసారికి వదిలేయండి. పడవ సరదాను ఇంకో ఆదివారం మీ జిల్లాలోనే, సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ దగ్గరో నాగార్జునసాగర్‌లోనో తీర్చుకోవచ్చు. దాని కోసం నల్లమల దాకా వచ్చి సగం రోజు పోగొట్టుకోవడం దండగ.

నాది అచ్చంపేట. బంధువుల మొదలు కాలేజీ పిల్లల బృందాల దాకా ఈ కొండల్లోకి చాలామందిని వెంటబెట్టుకుని తిప్పాను. వచ్చేవాళ్లందరి చేతిలో ఉండే పట్టిక దాదాపు మీదే. ఫోనులో మ్యాప్ తెరిస్తే సోమశిల, మన్ననూరు ఒకే జలాశయానికి పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అనుకుంటారు. ఆ రెంటి మధ్య ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ ప్రాంతం. దాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయే దారి మనకు ఇవ్వరు. అడవిని బయటి నుంచి చుట్టి కొల్లాపూర్ చేరి, అక్కడి నుంచి సోమశిలకు దిగాలి. పిల్లలతో, మధ్యలో ఆగుతూ వెళ్తే పూట గడిచిపోతుంది. వ్యూ పాయింట్లకు వెలుగుండే గంటలన్నీ కారు అద్దంలోంచి పత్తి చేలు చూడటానికే సరిపోతాయి.

నెల సంగతి దీనికన్నా ముఖ్యం. ఇక్కడ రెండు క్యాలెండర్లు నడుస్తాయి. ఒకటి నీళ్లది, ఇంకొకటి అడవిది. రెండూ కలిసే కాలం చిన్నది.

నీళ్ల క్యాలెండర్ చూద్దాం. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మామూలు సంవత్సరంలో జూరాల నుంచి కృష్ణ, సుంకేసుల వైపు నుంచి తుంగభద్ర వరద మోసుకొచ్చి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అది నిండుతుంది. అప్పుడు నీళ్లు ఎర్రగా, బరువుగా ఉంటాయి. వరద తగ్గాక మెల్లగా తేరుకుని, నవంబరు చివరికి ఆకుపచ్చ రంగులోకి వస్తాయి. ఫొటోల్లో మీరు చూసి మురిసిపోయినది ఆ రంగే. ఆ తరువాత ఇటు కల్వకుర్తి ఎత్తిపోతలు, అటు పోతిరెడ్డిపాడు, హంద్రీనీవా, రెండు ఒడ్డుల విద్యుత్ కేంద్రాలు అన్నీ కలిసి నీళ్లు లాగుతూ ఉంటే మట్టం దిగుతూ పోతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి ఒడ్డు చాలాచోట్ల వెనక్కి జరిగి, మధ్యలో బురద మేట బయటపడుతుంది. వానాకాలంలో పడవ ఎక్కిన చోట వేసవిలో మేకలు మేస్తుంటాయి. బయలుదేరే ముందు పత్రికల్లో వచ్చే ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టికలో శ్రీశైలం వరుస ఒకసారి చూసుకోండి. మీ ప్రయాణానికి హోటల్ రేటింగుల కన్నా ఆ ఒక్క అంకె ఎక్కువ పనికొస్తుంది. 870 పైన ఉందంటే నిశ్చింతగా రావచ్చు. 850 కిందికి దిగితే నీళ్ల మీద ఆశలు కొంచెం తగ్గించుకోండి.

అడవి క్యాలెండర్ దీనికి ఎదురు నడుస్తుంది. జలాశయం నిండే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమ్రాబాద్ అభయారణ్యంలో సఫారీ మూసేస్తారు. అది వన్యప్రాణులు జతకట్టే కాలం, దారులు కూడా చిత్తడిగా ఉంటాయి. అక్టోబరులో తెరుస్తారు. ఇది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలడం మొదలై, మార్చికల్లా కొండంతా బూడిద రంగుకు వస్తుంది. కార్చిచ్చు పాకకుండా సిబ్బంది ముందే గడ్డి కాల్చి గీసిన నల్లటి గీతలు దారి పొడవునా కనిపిస్తాయి. వేసవి అడవికీ ఒక అందం ఉంది. ఆకు లేనందువల్ల జంతువులు తేలికగా కంటపడతాయి, ఇప్పపువ్వు రాలే కాలమూ అదే. కానీ నలభై డిగ్రీల ఎండలో అమ్మానాన్నలను, పిల్లలను తిప్పడానికి అది చాలిన కారణం కాదు.

కాబట్టి నీళ్లు, అడవి రెండూ బాగుండే కాలం అక్టోబరు చివర నుంచి జనవరి దాకా. మీరు చెప్పిన రెండింటిలో డిసెంబరుకే నా ఓటు. క్రిస్మస్, కొత్త సంవత్సరం మధ్య వారం మాత్రం తప్పించండి. శ్రీశైలం రద్దీ అంతా అదే రోడ్డు మీద ఉంటుంది. కార్తీక మాసం సోమవారాలూ, శివరాత్రి ముందు వారమూ అంతే.

ఇక రెండు రోజులు ఎలా గడపాలో చెబుతాను.

నల్గొండ నుంచి పొద్దున్నే దేవరకొండ మీదుగా డిండి చేరండి. దేవరకొండ కోట రేచర్ల పద్మనాయకులది. ఏడు కొండలను కలిపి కట్టిన కోట కాబట్టి కింద నుంచి చూసినా ఆ గోడల పరుగు తెలుస్తుంది. ఎక్కాలనుకుంటే అదే ఒక పూట పని, ఈసారికి వద్దు. డిండి జలాశయం దగ్గర పది నిమిషాలు ఆగి టీ తాగండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీకు అక్కడే కలుస్తుంది. హాజీపూర్ చౌరస్తా దాటాక రంగాపూర్ దగ్గర పక్కకు తిరిగితే ఉమామహేశ్వరం.

పెద్దవాళ్లతో వచ్చేవారు ఉమామహేశ్వరాన్ని వదలకూడదు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం ఇదే. మిగతా మూడు ద్వారాలు త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం. కొండ మీద ఆలయం దగ్గర దాకా వాహనం వెళ్తుంది. గుడి పైకి కొండచరియ గొడుగు పట్టినట్టు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. ఆ చరియ వెంబడి నడిస్తే పాపనాశనం వస్తుంది. రాతి పగుళ్లలోంచి నీటి చుక్కలు ఒకటొకటిగా జారిపడుతుంటాయి. కింద అచ్చంపేట వైపు పొలాలు, చెరువులు గీసిన పటంలా కనిపిస్తాయి. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పి అన్నారు కదా, ఆయన కూర్చుని తీరిగ్గా చూడటానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి వ్యూ పాయింట్ ఈ చుట్టుపక్కల లేదు. కోతులు మాత్రం చేతిలో సంచి కనబడితే వదలవు. పిల్లల చేతికి బిస్కెట్ పొట్లం ఇచ్చి పంపకండి.

మధ్యాహ్నానికి మన్ననూరు చేరతారు. బస అక్కడే. అటవీ శాఖ వాళ్ల కాటేజీలు ఉన్నాయి. 2021లో వాళ్లు బస, సఫారీ, నడక కలిపి ఒక ప్యాకేజీ మొదలుపెట్టారు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని రండి. శనివారం సాయంత్రం వచ్చి గది అడిగితే దొరకడం కష్టం. గది దొరకకపోతే అచ్చంపేటలో లాడ్జి చూసుకోవచ్చు, దూరం తక్కువే. ఆ సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి. మన్ననూరు ఊళ్లో నడవండి. ఈ అడవిలోని గిరిజనులైన చెంచుల కోసం పనిచేసే ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయం ఉన్నది ఇక్కడే. అడవి నుంచి వచ్చే తేనె, చింతపండు, కరక్కాయ, జిగురు లాంటివి చెంచుల దగ్గర కొనే గిరిజన సహకార సంస్థ సరుకు దొరికితే తేనె అక్కడే కొనండి. రోడ్డు పక్కన సీసాల్లో అమ్మేదంతా నల్లమల తేనె అని నేను హామీ ఇవ్వలేను.

రెండో రోజు పొద్దున మొదటి సఫారీకి ఫరహాబాద్ గేటు దగ్గర ఉండండి. లోపలికి మన కారు వెళ్లనివ్వరు. అటవీ శాఖ వాహనంలో తీసుకెళ్తారు. కొన్నిసార్లు చెంచు యువకులే గైడ్లుగా వస్తారు. అలాంటి గైడ్ దొరికితే అదృష్టమే. మీరు చెట్టు చూస్తుంటే ఆయన చెట్టు మీది గోటి గీతలు చూస్తుంటాడు. ఒకసారి నా వెంట వచ్చిన ఒక అబ్బాయి బండి ఆపించి, దారి మీద దుమ్ములో ఒక గుర్తు చూపించి, ఇది ఎలుగుబంటి, పిల్లతో పోయింది, రాత్రి మంచు పడకముందే పోయింది అన్నాడు. మంచు సంగతి ఎలా తెలుసని అడిగితే, అడుగు గుంటలో ఆరిన మంచు చుక్కల మచ్చలు వేలితో చూపించాడు. మా బృందంలో పెద్ద కెమెరాలు వేసుకొచ్చిన వాళ్లలో ఒక్కరికీ అది కనబడలేదు.

పులి కోసం సఫారీకి వెళ్లకండి. పులులు ఉన్నాయి, కానీ దాదాపు 2,600 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో మీరు తిరిగేది కొద్దిపాటి దారి మాత్రమే. దుప్పులు, కణుజులు, నెమళ్లు, అడవి పందులు కనబడే అవకాశం ఎక్కువ. పులి కనబడుతుందని పిల్లలకు ముందే చెప్పి తెస్తే తిరుగు దారిలో ముఖాలు వేలాడేసుకుంటారు. పాదముద్రలు వెతుకుదాం అని చెప్పండి, ఆ ఆట రక్తి కడుతుంది. సఫారీ చివర ఫరహాబాద్ వ్యూ పాయింట్. నిజాం కాలపు వేట బంగళా శిథిలాలు ఆ చుట్టుపక్కలే. కొండ అంచున నిలబడితే కింద లోయ మొత్తం తెరుచుకుంటుంది. పొద్దున తొమ్మిది లోపు మంచు తెర ఇంకా వీడదు, అదే చూడాల్సిన వేళ. పదకొండు దాటాక వెళ్లినవాళ్లు ఏముంది ఇక్కడ అని పెదవి విరుస్తారు.

అక్కడి నుంచి శ్రీశైలం వైపు వెళ్తే వటవర్లపల్లి. మల్లెల తీర్థానికి పక్కకు తిరిగేది ఈ ఊరి దగ్గరే. అడవి దారిలో ఎనిమిది కిలోమీటర్ల దాకా లోపలికి వెళ్లాలి. తరువాత మెట్లు, సుమారు 350. దిగడం ఎవరికైనా తేలికే, ఎక్కడమే కష్టం. అమ్మానాన్నలను పైనే నీడలో కూర్చోబెట్టి, ఒకరు వాళ్ల దగ్గర ఉండి, మిగతావాళ్లు పిల్లలతో దిగండి. వానల తరువాత జలపాతం జోరుగా ఉంటుంది. డిసెంబరుకు ధార సన్నబడుతుంది, కింద మడుగు మాత్రం చల్లగా, తేటగా ఉంటుంది. నాచు పట్టిన రాళ్ల మీద చెప్పులు జారుతాయి. ఈత రాని పిల్లలను మడుగులోకి దింపకండి. మడుగు పైకి అమాయకంగా కనిపిస్తుంది, రాళ్ల మధ్య లోతు ఎక్కడ ఉందో తెలియదు.

సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆక్టోపస్ వ్యూ పాయింట్‌కు చేరేలా చూసుకోండి. వటవర్లపల్లి, దోమలపెంట మధ్య హైవే నుంచి పక్కకు వెళ్లాలి, అటవీ శాఖ టికెట్ ఉంటుంది. జలాశయం మీదికి కొండలు పాయలు పాయలుగా చొచ్చుకొచ్చి, వాటి మధ్య నీళ్లు నిండి ఉంటాయి. మీ ప్రయాణం మొత్తంలో కృష్ణమ్మ ఘనంగా కనబడే చోటు ఇదే. నేను మొదట్లో నీటిమట్టం గురించి అంత చెప్పడానికి కారణం కూడా ఇదే. మట్టం 880 దగ్గర ఉంటే ఆ పాయల మధ్య నీళ్లు కొండ మొదలు దాకా తాకి ఉంటాయి. 820కి దిగితే కొండల నడుములకు గోధుమ రంగు పట్టీలు తేలి, నది అడుగున సన్నగా మిగులుతుంది. మే నెలలో వెళ్లి నిరాశపడినవాళ్లను చాలామందిని చూశాను.

దోమలపెంట, ఈగలపెంటలకు ఈ మధ్య బ్రహ్మగిరి, కృష్ణగిరి అని పేర్లు పెట్టారు. బోర్డు చూసి తికమక పడకండి, జనం నోట పాత పేర్లే ఉన్నాయి. ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం ఈగలపెంట వైపే. చీకటి పడకముందే వెనక్కి తిరగండి. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. బతిమాలినా వదలరు, వదలకూడదు కూడా. రాత్రి ఆ రోడ్డు జంతువులది. గేటు మూసేస్తారని తొందరపడి మలుపుల్లో వేగం పెంచేవాళ్లే ఎక్కువ ప్రమాదాలు చేస్తారు.

అక్కమహాదేవి గుహలను కూడా తీసేయమంటాను. శ్రీశైలం పాతాళగంగ నుంచి పడవలో నదిలో చాలాసేపు వెళ్లి, మళ్లీ కొండ ఎక్కి, లోపల చీకట్లో ఇరుకు సందులోంచి లింగం దగ్గరికి వంగి వెళ్లాలి. పడవ ప్రయాణమూ, గుహ ముందున్న సహజమైన రాతి తోరణమూ చాలా బాగుంటాయి. కానీ దానికి ఒక రోజు విడిగా కావాలి, మోకాళ్లు సహకరించాలి. పిల్లలు కొంచెం పెద్దయ్యాక వెళ్లండి.

ఊళ్ల గురించి అడిగారు. చెంచు పెంటలు, అంటే అడవి లోపలి చెంచుల గూడేలు, చూపిస్తారా అని అడిగారు కాబట్టి కొంచెం నిక్కచ్చిగానే చెబుతాను. అప్పాపూర్, రాంపూర్, బౌరాపూర్ లాంటి పెంటలు కోర్ అడవి లోపల ఉన్నాయి. అనుమతి లేకుండా వెళ్లకూడదు. అనుమతి ఉన్నా, ఇంటి ముందు కారు ఆపి ఫొటోలు తీసుకుని పిల్లలకు చాక్లెట్లు పంచి రావడాన్ని ఊరు చూడటం అనరు. వాళ్లతో కలిసే మర్యాదైన సందర్భాలు వేరే ఉన్నాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. ఆ కొద్ది రోజులే అడవిలోకి వదులుతారు. లింగమయ్యను పిలుచుకుంటూ జనం లోయలోకి దిగుతారు, అక్కడ పూజారులు చెంచులే. తొలి ఏకాదశికి లొద్ది మల్లయ్య దర్శనం. మహాశివరాత్రికి బౌరాపూర్‌లో భ్రమరాంబా మల్లికార్జునుల కల్యాణం. భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు, కాబట్టి పెళ్లి పెద్దరికం చెంచులదే. సలేశ్వరం నడక మాత్రం తేలిక కాదు. ఏప్రిల్ ఎండ, రాళ్ల దారి, జన సమ్మర్దం కలుస్తాయి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు వెళ్లవద్దు.

రోడ్డు మీది వటవర్లపల్లి, లోపలి సార్లపల్లి లాంటి ఊళ్లలో టీ తాగుతూ కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. అభయారణ్యం నుంచి తరలింపు ప్రస్తావన ఆ ఊళ్లలో చాలాకాలంగా నడుస్తోంది. వెళ్తారా, ఉంటారా అని బయటివాళ్లు వచ్చి అడిగితే వాళ్లకు చిరాకు. వాళ్లే చెబితే వినండి.

ఇప్పుడు సోమశిల. ఈసారికి వద్దన్నానే కానీ, ఆ ఊరు తక్కువదని కాదు. దానికి ఒక రాత్రి కేటాయించి విడిగా వెళ్లాలని నా ఉద్దేశం. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరండి. దారిలో సింగోటం చూసుకోవచ్చు. లక్ష్మీనరసింహస్వామి గుడి, దాని పక్కనే శ్రీవారి సముద్రం అనే పెద్ద చెరువు, సంక్రాంతి రోజుల్లో అక్కడ జాతర. కొల్లాపూర్ సురభి వంశపు సంస్థానం. మామిడికి పేరున్న ఊరు. కానీ పట్టణంలో మీరు తప్పక చూడాల్సింది మాధవస్వామి గుడి. అది నిజానికి నది ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. శ్రీశైలం ముంపులో పోకుండా రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. విష్ణువు ఇరవై నాలుగు రూపాల శిల్పాలు గోడల మీద వరుసగా ఉంటాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల సోమేశ్వరాలయం కూడా అలా తరలివచ్చినవే.

ఆ గుళ్లకు చోటు దొరికింది, ఊళ్లకు దొరకలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. సోమశిల ఒడ్డున మీరు అందమైన నీళ్లు అని చూసే దాని కింద వీధులు, బావులు, పొలాలు ఉన్నాయి. కొల్లాపూర్ టీ కొట్లలో 98 జీవో అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని ఇచ్చిన ఉత్తర్వు అది. ఎదురుచూసి ఉద్యోగ వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు. ఈ సంగతి తెలిసి ఆ ఒడ్డున కూర్చుంటే చూపు వేరేగా ఉంటుందని నాకు అనిపిస్తుంది.

సోమశిలలో పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో ఈ ఊరికి గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి వారాంతాల్లో రద్దీ పెరిగింది. అక్కడ చేయాల్సిన పని ఒక్కటే, సాయంత్రం చేపలు తినడం. పడవ ఒడ్డుకు చేరగానే బొచ్చె, రవ్వ, జెల్ల తట్టల్లోకి దింపుతారు. మీరు వేలు చూపించిన చేపను తూచి, అక్కడికక్కడే పొలుసు గీకి, అడ్డంగా కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి వేయిస్తారు. చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయా లేదా చూసి తీసుకోండి, మంచు పెట్టెలోంచి తీసింది వద్దనండి. ఇక్కడి మత్స్యకారులతో మాట కలిస్తే అలివి వలల గోడు వింటారు. చిన్న పిల్ల చేపలను కూడా ఊడ్చుకుపోయే సన్న కన్నుల వల అది. నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు.

నీళ్లు బాగా ఉన్న నెలల్లో సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. నది మలుపుల మధ్య ఆరేడు గంటల ప్రయాణం. నన్నడిగితే దక్షిణ తెలంగాణలో ఇంతకు మించిన ప్రయాణం లేదు. కానీ రోజూ ఉండదు, మట్టం చూసి, జనం చూసి నడుపుతారు. ముందు కనుక్కుని వెళ్లండి. పక్కనున్న అమరగిరి నుంచి చిన్న పడవలు తిరుగుతాయి. వేసవిలో సోమశిల వెళ్లాల్సి వస్తే ఎదుటి ఒడ్డున, ఆంధ్ర వైపు సంగమేశ్వరం చూడండి. మట్టం సుమారు 840 అడుగుల కిందికి దిగితేనే ఆ గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. వేప కొయ్యతో చేసిన లింగం. ఏడాదిలో ఎక్కువ కాలం నీటి అడుగున ఉండే ఆ లింగాన్ని చూడటానికి మాత్రం వేసవే సరైన కాలం.

పడవ విషయంలో మొహమాటం వద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న డిమాండ్ బలపడింది అప్పటి నుంచే. ఆ వంతెనను 2022లో కేంద్రం మంజూరు చేసింది. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. ఇచ్చినదాని బకిల్ పనిచేస్తుందో లేదో మీరే పెట్టి చూడండి. పిల్లల సైజు అడగండి, పెద్దలది తొడిగితే నీళ్లలో అది తల మీదుగా జారిపోతుంది. మధ్యాహ్నం దాటితే గాలి లేచి అలలు పెరుగుతాయి, పొద్దుటి పడవే ఎక్కండి. గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో ఎక్కాలని పిల్లలు గోల చేస్తారు. ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఒక చుట్టు తిప్పించి దింపేయండి.

బురద గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మట్టం దిగుతున్న నెలల్లో ఒడ్డున మేట పైన ఎండి పగుళ్లు వేసి గట్టి నేలలా కనిపిస్తుంది. కాలు వేస్తే మోకాలి దాకా దిగుతుంది, లాగుతున్నకొద్దీ ఇంకా బిగుస్తుంది. పశువుల డెక్కల గుర్తులు ఉన్న చోటే నడవండి. గుర్తులు ఆగిన చోట మీరూ ఆగండి. మొసళ్లు ఉన్న నది ఇది. జనం స్నానం చేసే ఘాటు తప్ప వేరే చోట నీళ్లలోకి దిగవద్దు.

టెంటు. అభయారణ్యంలో సొంతంగా టెంటు వేయడం కుదరదు, ప్రయత్నించకండి. టెంటు తప్పనిసరి అయితే మీకు దగ్గరలోనే నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ ఉంది. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల ఊరు, తాజా చేప, పడవ అన్నీ ఒకచోట దొరుకుతాయి. శనివారం రాత్రి మాత్రం వద్దు. మందు బృందాలు, పాటల పెట్టెలు వస్తాయి, పిల్లలతో ఉండలేరు. టెంటును నీటి అంచుకు ఆనించి వేయకండి, ఎగువ నుంచి నీళ్లు వదిలితే రాత్రికి రాత్రే అంచు జరుగుతుంది. మరీ సుఖంగా కావాలంటే సాగర్ హిల్ కాలనీలో గది తీసుకుని, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం, తరువాత బుద్ధవనం చూసుకోండి. అమ్మానాన్నలకు ఆ రోజు బాగా నచ్చుతుంది.

చిన్న విషయాలు కొన్ని మిగిలాయి. పెట్రోలు హాజీపూర్ చౌరస్తాలోనో అచ్చంపేటలోనో నింపుకోండి. మన్ననూరు దాటాక ఫోను సిగ్నల్ చాలాచోట్ల పోతుంది కాబట్టి మ్యాప్ ముందే దించుకోండి, బుకింగ్ కాగితాలు చేతిలో ఉంచుకోండి. చెక్‌పోస్టు దగ్గర వాహనానికి రుసుము తీసుకుంటారు, చిల్లర పెట్టుకోండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లకు అభ్యంతరం చెబుతారు. స్టీలు సీసాలు తెచ్చుకుంటే ఆ గొడవే ఉండదు. డిసెంబరు రాత్రి మన్ననూరులో చలి నల్గొండ చలిలా ఉండదు, స్వెట్టర్లు, అమ్మానాన్నలకు శాలువాలు తప్పనిసరి. నాన్నగారికి మందులు ఏవైనా ఉంటే రెండు రోజులకు కాకుండా నాలుగు రోజులకు తెచ్చుకోండి. మన్ననూరు దాటితే మందుల దుకాణం దొరకదనే అనుకుని బయలుదేరండి.

తేదీ ఖరారయ్యాక రాయండి. ఆ వారం మట్టం ఎంత ఉందో చూసి, ఆక్టోపస్ వ్యూ పాయింట్‌కు ఏ పూట వెళ్లాలో చెబుతాను.